సైటు సోకుకా, పనికా?

ఒకప్పుడు ఆఫీసు బందుంటే గేటుకు తాళం కనబడేది. ‘రేపు రాపో’ అని అటెండరు అంటే, అన్నది ఎవలో తెలిసేది. తెల్లారి పదిమందిని ఎంటేసుకొని పోయి నిలదీసేటోళ్లు మన పెద్దలు. ఇయ్యాల గేటు లేదు, తాళం లేదు, అటెండరు లేడు. ఫోన్ల ఒక పేజీ ఉన్నది. నడుమ ఒక చక్రం గిరగిర తిరుగుతనే ఉంటది. ఆఖరికి ఎర్రటి అక్షరాలల్ల ఇంగ్లిషు ముక్క ఒకటి వచ్చి ఆగిపోతది. భూమి కాయితం, కులం సర్టిఫికెట్, రేషన్ కార్డు, స్కాలర్‌షిప్, పింఛను అన్నీ ఆ పేజీ ఎనుకనే ఉన్నయి. ఇగ ఎవలను నిలదియ్యాలె?

ఊరికి ఒకరో ఇద్దరో పిల్లలుంటరు. ఎవలకు ఆన్‌లైన్ పని పడ్డా వాళ్లింటికే పోతరు. ‘జెర గిది చూడు బిడ్డా’ అని ఫోను చేతుల పెడ్తరు. ఇది చదువుతున్న మీలో శానామంది గా పిల్లలే. ఏ సైటు మంచిగ నడుస్తది, ఏది ఏడిపిస్తది అన్న సంగతి హైదరాబాద్‌ల కూసున్న ఇంజనీరు కంటే మీకే ఎక్కువ ఎరుక. రేపు మీలనే కొందరు యువజన సంఘానికో, రైతు సంఘానికో, ఊరి గ్రంథాలయానికో ఒక సైటు కడ్తరు. కట్టుడు ఇప్పుడు పెద్ద ఖర్చు కాదు, పెద్ద చదువు కూడా అక్కర్లేదు. కానీ పనికొచ్చే సైటు కట్టుడు వేరే సంగతి. దాని కిటుకు ఏందో, అది తప్పితే ఎవలకు ఎంత నష్టమో జరిగిన ఉదాహరణలతోటి చెప్తా.

ముందుగాల ఒక్క వాక్యం

కిరాణం దుకాణం పెట్టేటోడు ముందు ఏం అమ్మాలె, ఎవలు కొంటరు అని ఆలోచిస్తడు. రంగు ఆఖరికి ఏస్తడు. సైటు కాడికి వచ్చేసరికి మనం ముందే రంగు డబ్బా పట్టుకుంటం. ఏ థీమ్ తీసుకుందాం, మీద ఏ ఫొటో పెడ్దాం, లోగో ఎట్లుండాలె అని నెల రోజులు కొట్లాడుతం. అసలు ఎవలు వస్తరు, ఎందుకొస్తరు అని ఒక్కరు అడగరు.

ఒక గ్రామ పంచాయతీ సైటు అనుకోండ్రి. తెరిస్తే పైన పెద్దోళ్ల ఫొటోలు, దాని కింద ‘స్వాగతం సుస్వాగతం’ అని ఉరికే అక్షరాలు, ఒకదాని ఎనుక ఒకటి మారే చెరువు బొమ్మ, గుడి బొమ్మ, బడి బొమ్మ. ఊరి చరిత్ర రెండు పేజీలు. ఇగ ఆ సైటుకు వచ్చేటోళ్లు ఎవలు? పుట్టిన బిడ్డకు సర్టిఫికెట్ కావాల్సిన తల్లి. ఇంటి పన్ను ఎంతున్నదో చూసుకునేటోడు. గ్రామసభ ఎప్పుడో తెల్సుకోవాలనుకునే పిలగాడు. దుబాయిల ఉండి ఇంటి నంబరు కాయితం కోసం తిప్పలు పడే వలస కార్మికుడు. వీళ్లకు కావాల్సింది ఏడుంది? లేదు, ఉన్నా ఆరు మెట్లు దిగినంక ఉన్నది. కట్టించినోళ్లు చూసుకొని మురిసేతందుకు కట్టిన సైటు అది.

అందుకే కంప్యూటర్ ముట్టకముందే కాయితం మీద ఒక్క వాక్యం రాయాలె. ‘ఫలానా మనిషి, ఫలానా పని కోసం వస్తడు, పోయేటప్పుడు ఫలానాది తీసుకొని పోతడు.’ రైతు సంఘం సైటు అయితే: ‘మన సంఘం రైతు, ఈ వారం పల్లికాయ ఏ ధరకు కొంటున్నరో చూసేతందుకు వస్తడు, ధర, తారీఖు, తెచ్చే జాగ తెల్సుకొని పోతడు.’ అంతే. ఆ వాక్యానికి అక్కెరొచ్చేది పైన ఉండాలె. అక్కెర లేనిది కిందికి పోవాలె. ఊరి చరిత్ర తప్పేం కాదు, దానికి వేరే పేజీ పెట్టుకోవచ్చు. జ్వరంతో వచ్చినోడికి డాక్టర్ ముందుగాల తన సన్మానాల ఆల్బమ్ చూపెడ్తే ఎట్లుంటదో ఆలోచించుండ్రి.

లండన్ల సెలవు దినం, అమెరికాల ఆరుగురు

ఈ వాక్యం రాసుకున్నోళ్లకు, రాసుకోనోళ్లకు తేడా చూపే కథలు రెండున్నయి.

బ్రిటన్ల ఒక్కో శాఖకు ఒక్కో సైటు ఉండేది, అన్నీ కలిపి వందల్ల. 2012ల వాటన్నిటినీ ఒక్క జాగకు తెచ్చే పని షురూ చేసి ‘గవ్ డాట్ యూకే’ అని పెట్టిన్రు. కట్టినోళ్లు పెట్టుకున్న మొదటి సూత్రం ఏందంటే, జనానికి ఏం కావాలె అన్న కాడ మొదలుపెట్టాలె, శాఖకు ఏం చెప్పబుద్ధయితదో దాని కాడ కాదు. అక్కడ సర్కారు సెలవుల పేజీ ఒకటుంటది. తెరవంగనే రాబోయే సెలవు ఏ తారీఖో పెద్ద అక్షరాలల్ల కనబడ్తది. ఎందుకంటే ఆ పేజీకి వచ్చేటోళ్లలో ఎక్కువమందికి కావాల్సింది గదే. మంత్రి ఫొటో లేదు, సెలవుల చరిత్ర లేదు. తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు. చూస్తే ‘ఇదేం డిజైన్’ అంటరు. కానీ 2013ల లండన్ డిజైన్ మ్యూజియం ఇచ్చే ఆ ఏటి ఉత్తమ డిజైన్ బహుమతి గా సాదా సైటుకే వచ్చింది. దానితోటి పోటీ పడ్డయి పెద్ద పెద్ద బిల్డింగులు.

ఇగ అమెరికా కథ. జనాలు ఆరోగ్య బీమా కొనుక్కునేతందుకు ‘హెల్త్‌కేర్ డాట్ గవ్’ అని 2013 అక్టోబర్ 1 నాడు సైటు తెరిసిన్రు. పైసలకు కొదవ లేదు, ఇంజనీర్లకు కొదవ లేదు. మొదటి దినం లక్షలమంది వచ్చిన్రు. ఆ దినం బీమా చేయించుకోగలిగినోళ్లు ఆరుగురు! తర్వాత బయటికొచ్చిన సర్కారు కాయితాలల్లనే ఆ లెక్క ఉన్నది. కారణాలు శానా ఉన్నయి. పదుల కంపెనీలు తలా ఒక ముక్క కట్టినయి. మొదటి నుంచి ఆఖరి దాక మొత్తం నడుస్తదా అని గట్టిగ పరీక్షించలే. ఇంకో కారణం మనం నేర్చుకోవాల్సింది. బీమా ధర ఎంతో ఊకె చూసిపోదామని వచ్చినోడు కూడా ముందుగాల ఖాతా తెరవాలె, పేరు, వివరాలు అన్నీ ఇయ్యాలె. అందరూ ఒకేసారి గా దర్వాజ కాడనే ఇరుక్కున్నరు.

అంగట్ల వంకాయలు కిలో ఎంత అని అడిగినోడిని ‘ముందు ఆధార్ చూపెట్టు’ అంటే ఎట్ల? కానీ మన దగ్గర కూడా శాన సైట్లు గట్లనే ఉన్నయి. పథకానికి అర్హత ఏందో చదువుకుందామంటే ఫోన్ నంబర్ కొట్టు, ఓటీపీ కొట్టు అంటయి. చదివేతందుకు తాళం ఉండొద్దు. దరఖాస్తు పెట్టే కాడనే తాళం ఉండాలె.

గడి లేని మనిషి

ఇప్పుడు మనింటి సంగతికి వద్దాం. 2020 అక్టోబర్ 29 నాడు ధరణి పోర్టల్ మొదలైంది. తహసీల్దార్ ఆఫీసులనే రిజిస్ట్రేషన్, అక్కడనే మ్యుటేషన్, రెండూ ఒక్కసారే అయ్యేటట్టు పెట్టిన్రు. కాయితాలన్నీ సాఫ్‌గ ఉన్న రైతుకు పని తొందరగ అయింది. ఇది కాదనలేం.

మరి కాయితం సాఫ్‌గ లేనోని గతేంది? తెలంగాణల భూమి కాయితాలు సాఫ్‌గ ఉన్నోళ్లు ఎంతమంది? సాదాబైనామా మీద కొనుక్కున్నోళ్లున్నరు. సర్వే నంబర్ తప్పు పడ్డోళ్లున్నరు. ఎకరం రాయాల్సిన కాడ ఇరవై గుంటలు రాసినోళ్లున్నరు. పార్ట్ బీల పడి పాస్ పుస్తకమే రానోళ్లున్నరు. వీళ్లు సైటు తెరిస్తే రకరకాల మాడ్యూళ్లు. పెరిగి పెరిగి 33 అయినయి. తన గోస ఏ మాడ్యూల్ కిందికి వస్తదో రైతు ఎట్ల చెప్తడు? టీఎం 33 అంటే మీసేవ పిలగానికి తెలుసు, నాగలి పట్టినోడికి తెల్వది. తప్పు మాడ్యూల్ల పెడ్తే దరఖాస్తు వాపస్. మళ్ల ఫీజు, మళ్ల బస్ కిరాయి, మళ్ల కూలి పోయిన దినం.

ఇంతకంటే పెద్ద సంగతి ఒకటున్నది. పాత పహాణీల అనుభవదారు అని ఒక కాలమ్ ఉండేది. పట్టా ఎవల పేరు మీద ఉన్నా, దున్నుతున్నది ఎవలో దాంట్ల రాసేటోళ్లు. ధరణిల ఆ గడి లేదు. గడి లేదంటే కంప్యూటర్‌కు ఆ మనిషే లేడు. ఏండ్ల సంది కబ్జాల ఉండి దున్నుకుంటున్న కౌలు రైతు, పట్టా కాని పేద రైతు ఒక్క డిజైన్ నిర్ణయంతోటి కనబడకుంట పోయిన్రు. దానికి తోడు 2020 చట్టంల కింది అధికారి తప్పు చేస్తే పై అధికారికి అప్పీలు చేసుకునే తొవ్వ పెట్టలే. కోర్టుకు పో అన్నరు. రెండెకరాలోడు కోర్టుకు పోయి ఏం నిలుస్తడు?

సైటు డిజైన్ అంటే రంగులు, బొమ్మలు అనుకునేటోళ్లకు నేను ఈ సంగతే చెప్త. ఫారంల ఏ గడి ఉండాలె, ఏది ఉండొద్దు అనేది రాజకీయ నిర్ణయం. కంప్యూటర్ కాడ కూసున్నోడు కొట్టేది కోడే, కానీ తీసేసింది ఒక మనిషి హక్కును.

2025 ఏప్రిల్ 14 నాడు ధరణి జాగల భూభారతి వచ్చింది. 33 మాడ్యూళ్లను 6కు తగ్గించిన్రు. అప్పీలు తొవ్వ మళ్ల పెట్టిన్రు. మంచిదే. కానీ మాడ్యూళ్లు తగ్గినయని సంబురపడితే సరిపోదు. కొలిచే కట్టె ఒక్కటే: తప్పు పడ్డ రైతు దరఖాస్తు పెట్టి, ఎన్ని దినాలకు, ఎంత ఖర్చుకు, సరైన కాయితం తోటి ఇంటికి పోతున్నడు? గా లెక్క అడగాల్సింది మనమే.

ఒక్కటే తలుపు పెడితే

కరోనా రెండో దెబ్బ గుర్తున్నది కదా. 2021 మే 1 నుంచి 18 ఏండ్ల నుంచి 44 ఏండ్లోళ్లకు టీకా అన్నరు. కోవిన్ సైటుల పేరు రాసుకొని, అపాయింట్‌మెంట్ తీసుకుంటేనే సూది. నేరుగ పోతే లేదు. పేజీ ఇంగ్లిషుల. స్లాట్లు తెరిసిన నిమిషాలల్ల ఖతం. కోడింగ్ వచ్చిన పట్నపోళ్లు స్లాట్ పడంగనే మోగేటట్టు అలర్టులు పెట్టుకున్నరు. ఊరి దవాఖానల స్లాట్లు పట్నం నుంచి కార్లల్ల వచ్చినోళ్లు బుక్ చేసుకున్నరు. గా ఊరోళ్లు గేటు కాడ నిలబడి చూసిన్రు.

చూసేతందుకు అందరికీ ఒక్కటే తలుపు, ఒక్కటే రూలు. కానీ ఒకని చేతుల ఫైబర్ నెట్టు, లాప్‌టాప్. ఇంకొకని చేతుల బటన్ల ఫోను. అందరికీ ఒక్క తీరు తలుపంటే గిట్లనే అయితది. 2021 మే 31 నాడు సుప్రీంకోర్టు కూడా గిదే అడిగింది. ఒక్క డిజిటల్ పోర్టల్ మీదనే ఆధారపడితే, నెట్టు లేనోళ్లు, ఫోను లేనోళ్లు వెనుకబడిపోరా అని సర్కారును నిలదీసింది. గప్పటికే మే చివరల సర్కారు కేంద్రాలల్ల నేరుగ పోయి పేరు రాయించుకునే వీలు ఇచ్చిన్రు. జూన్‌ల తెలుగుతో సహ వేరే భాషలల్ల కూడా సైటు వచ్చింది. కానీ అప్పటికే ఒక నెల పోయింది. ఆ నెల ఎసొంటి నెలనో ఊర్లల్ల శ్మశానాలు చూసినోళ్లకు ఎరుకే.

నేర్చుకోవాల్సింది ఏందంటే, బతుకుదెరువుకు, పానానికి సంబంధించిన పనికి సైటు ఒక తలుపు కావాలె గానీ, ఒక్కటే తలుపు కావొద్దు. పక్కన ఒక మనిషి, ఒక ఫోన్ నంబర్, ఒక కాయితం ఫారం ఉండాలె. మీరు కట్టే చిన్న సైటుకు కూడా ఇదే లెక్క. యువజన సంఘం రక్తదానానికి పేర్లు ఆన్‌లైన్ల తీసుకుంటున్నరా? ఒక ఫోన్ నంబర్ గూడ పెట్టుండ్రి.

గోడ మీది రాతలకెళ్లి వచ్చిన సైటు

మంచి ఉదాహరణ లేదా అంటే ఉన్నది. రాజస్థాన్‌ల మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అని కూలోళ్ల, రైతుల సంఘం 1990ల పుట్టింది. కూలి పని మస్టర్ రోల్ల ఎవల పేర్లున్నయో చూపెట్టుండ్రి అని కొట్లాడిన్రు. 1994 నుంచి ఊర్లల్ల జన సున్వాయిలు పెట్టి, సర్కారు కాయితం మైకుల చదివిన్రు. పేరు చదువంగనే ‘నేను ఆ దినం పనికే పోలే’, ‘ఆయన సచ్చిపోయి రెండేండ్లాయె’ అని జనం లేశి చెప్పేటోళ్లు. సమాచార హక్కు చట్టం, 2005, ఇసొంటి కొట్లాటల నుంచే వచ్చింది.

అదే రాజస్థాన్‌ల 2019 సెప్టెంబర్ 13 నాడు జన్ సూచన పోర్టల్ తెరిసిన్రు. దాన్ని కట్టేటప్పుడు శాఖల అధికారులు, సంఘాలోళ్లు ఒక్క బల్ల కాడ కూసొని, జనానికి ఏ సమాచారం అక్కెర, అది ఏ తీరుగ కనబడాలె అని మాట్లాడుకున్నరు. లాగిన్ లేదు. మీ ఊరు ఎంచుకుంటే రేషన్ దుకాణంల ఎవలకు ఎంత ఇచ్చిన్రో కనబడ్తది. ‘నా పేరు మీద గోధుమలు తీసుకున్నట్టు రాసిన్రు, నాకు అందలే’ అని ఒక అవ్వ నిలదియ్యొచ్చు.

మనకు ఇది కొత్త ముచ్చట కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు చేసిన్రు. మస్టర్ రోల్ పట్టుకొని ఇల్లిల్లు తిరిగి, గ్రామసభల చదివి, పైసలు తిన్నోళ్లను పట్టిన్రు. ఊరి గోడ మీద పేరు, పని దినాలు, ఇచ్చిన పైసలు రాస్తే అందరూ సరిచూసుకునేటోళ్లు. ఆ గోడ కూడా సైటే. ఎవలైన చదవొచ్చు, పాస్‌వర్డ్ లేదు, అబద్ధముంటే అక్కడనే దొరుకుతది. గా గోడకు ఉన్న గుణం మీ సైటుకు ఉన్నదా అని చూసుకోండ్రి.

మీరు కట్టేటప్పుడు

ఇగ చేతుల పని. ముందుగాల భాష. జనం నోట్ల ఉన్న మాట రాయాలె. ‘దరఖాస్తు యొక్క ప్రస్తుత స్థితి’ అని రాసేకంటే ‘మీ దరఖాస్తు ఎక్కడుంది?’ అంటే అందరికీ తెలుస్తది. మెషీన్ అనువాదం పెట్టి చేతులు దులుపుకోవద్దు. హోమ్ అనే బటన్‌ను ‘గృహం’ అని మార్చి పెడితే, ఇండ్ల పథకం అనుకొని దాని మీద ఒత్తేటోళ్లు కూడా ఉంటరు. పీడీఎఫ్, ఓటీపీ, ఆధార్ అనే మాటలు అందరికీ అలవాటైనయి, వాటిని మళ్ల సంస్కృతంలకు మార్చే పని లేదు.

తెలుగును అక్షరాల తీరుగనే పెట్టాలె, ఫొటో తీరుగ కాదు. శాన సైట్లల్ల ప్రకటన మొత్తం ఒక బొమ్మ చేసి అతికిస్తరు. బొమ్మల ఉన్న అక్షరాలు గూగుల్‌కు సరిగ దొరకవు. కాపీ చేసి వాట్సాప్‌ల పంపరాదు. చూపు లేనోళ్లు టాక్‌బ్యాక్ పెట్టుకొని ఫోన్ చెప్పేది ఇంటరు, బొమ్మ కాడికి వచ్చేసరికి అది మూగబోతది. యూనికోడ్‌ల తెలుగుకు 1991లనే జాగ దొరికింది. ఇంకా పాత ఫాంట్లల్ల టైపు కొట్టి, వేరే ఫోన్ల తెరిస్తే పిచ్చి గీతలు కనబడే కాయితాలు పెట్టుడేంది?

అక్షరం సైజు చూసుకోవాలె. రెడీమేడ్ థీమ్‌లు ఇంగ్లిషు కోసం చేసినయి. ఇంగ్లిషు అక్షరానికి కింద ఒత్తులుండవు, మీద గుడులుండవు. అదే థీమ్‌ల తెలుగు పెడ్తే మీది లైను ఒత్తు కింది లైను గుడికి తాకుతది. లైన్ల నడుమ ఎడం పెంచాలె, అక్షరం పెద్దగ చెయ్యాలె. యాభై ఏండ్ల మనిషి అద్దాలు లేకుంట చదవగలుగుతడా అని చూడాలె.

బరువు సంగతి లెక్కేసి చెప్త. ఫోన్ల తీసిన ఫొటో 5 ఎంబీ ఉన్నదనుకోండ్రి. ఊర్ల నెట్టు సెకనుకు 2 మెగాబిట్ల స్పీడుల వస్తే, ఆ ఒక్క ఫొటో దిగేతందుకు 20 సెకన్లు పడ్తది. అసొంటివి ఐదు పెడ్తే నిమిషంన్నర దాటుతది. అప్పటిదాక ఎవలు ఆగుతరు? అదే ఫొటోను 150 కేబీకి తగ్గిస్తే సెకను కూడా పట్టది. ఫొటో తగ్గించే ఆప్‌లు ఉత్తగనే దొరుకుతయి. సైటు తెరవంగనే పాట మోగుడు, వీడియో ఆడుడు అసలే వద్దు. వచ్చినోని డాటా మీ జేబుల సొమ్ము కాదు.

ఫారం పెడ్తే, ఒక్కొక్క గడిని ‘నువ్వెందుకున్నవ్?’ అని అడగాలె. జవాబు లేని గడిని తీసెయ్యాలె. క్రికెట్ టోర్నమెంటుకు పేరు ఇచ్చేటోని ఆధార్ నంబర్ మీకెందుకు? తీసుకున్నరంటే కాపాడే బాధ్యత కూడా మీ మీద పడ్తది. పేరు గడి కూడా తెల్లోల్ల లెక్కల పెట్టొద్దు. మన దగ్గర ఇంటిపేరు ముందొస్తది. కొందరు అసలు ఇంటిపేరు రాయరు. ‘లాస్ట్ నేమ్ తప్పనిసరి’ అంటే ఒకాయన తండ్రి పేరు రాస్తడు, ఒకాయన ఊరి పేరు రాస్తడు, రేపు ఏ కాయితం ఇంకో కాయితంతోటి కలువది. పూర్తి పేరు అని ఒక్క గడి పెడ్తే పని అయిపాయె.

తప్పు కొట్టినప్పుడు ‘ఇన్‌వాలిడ్’ అని ఉరిమి ఊకోవద్దు. ‘ఫోన్ నంబర్ల 9 అంకెలే ఉన్నయి, 10 ఉండాలె’ అని తెలుగుల చెప్పాలె. అప్పటిదాక నింపినదంతా చెరిపెయ్యొద్దు. ఇరవై గడులు నింపినంక పేజీ మొదటికొస్తే, ఎంత ఓపికున్నోడు కూడా ఫోను ఇసిరికొడ్తడు.

ఆఖరికి రెండు సంగతులు, శానామంది మరిచిపోయేటివి. ప్రతి పేజీ మీద అది ఏ తారీఖు నాడు మార్చిన్రో ఉండాలె. పోయిన ఏడు పల్లికాయ ధర ఈ ఏడు చూసి ఎవలన్న బండి కట్టుకొని వస్తే ఆ నష్టం ఎవలది? ఇంకోటి, ఎత్తే ఫోన్ నంబర్ ఉండాలె. ఎత్తని నంబర్ పెట్టుడు కంటే పెట్టకపోవుడు నయం.

అవ్వను కూసోబెట్టి చూడాలె

సైటు కట్టినంక దోస్తులకు పంపి ‘ఎట్లుంది?’ అని అడుగుతం. ‘సూపర్ అన్నా’ అంటరు. దాంతోటి ఏం తెల్వది. సైట్ల వాడకం మీద పని చేసిన జేకబ్ నీల్సన్ 2000ల ఒక మాట రాసిండు. ఐదుగురితోటి పరీక్షిస్తే చాలు, ఆయన లెక్కల ఇంచుమించు 85 శాతం లోపాలు బయటపడ్తయి. లక్షలు పెట్టి సర్వే చెయ్యాల్సిన పని లేదు.

ఊర్ల ఐదుగురిని తీసుకోండ్రి. బీడీలు చేసే అక్క, పత్తి రైతు, డిగ్రీ చదివే చెల్లె, ఆటో తోలే అన్న, అరవై దాటిన అవ్వ. సైటు ఎట్లుంది అని అడగొద్దు, ఒక పని చెప్పాలె. ‘అవ్వా, గ్రామసభ ఎప్పుడో గిండ్ల చూసి చెప్పవా?’ అని ఫోను చేతికియ్యాలె. ఆమెనుక కూసొని నోరు మూసుకోవాలె. అదే కష్టం. వేలు ఏడ ఆగింది, ఏ మాట కాడ మొఖం చిట్లించింది, ఏది ఒత్తాలనుకొని ఏది ఒత్తింది, అన్నీ కాయితం మీద రాసుకోవాలె. ‘అది కాదవ్వా, గిది ఒత్తు’ అని మీరన్నరంటే అక్కడ మీ సైటు ఫెయిల్. రేపు ఆమె ఒక్కతే ఉన్నప్పుడు ఎనుకనుంచి చెప్పేతందుకు మీరుండరు.

ఎంతమంది చూసిన్రు అన్న లెక్కకు కూడా మురవొద్దు. దొరకక పదిసార్లు తిరిగి తెరిసినా పది అనే చూపెడ్తది. వచ్చినోళ్లల్ల ఎంతమంది పని చేసుకొని పోయిన్రు, మునుపు ఫోన్ చేసి అడిగేటోళ్లు ఇప్పుడు తగ్గిన్రా, గిది అసలు లెక్క. ఇంకో మాట, అన్నిటికీ సైటే కావాలని లేదు. రేపటి మీటింగు ముచ్చటకు వాట్సాప్ గ్రూపు చాలు. నిలిచి ఉండాల్సిన సంగతులకు సైటు కావాలె, ఎందుకంటే గ్రూపుల వేసింది రెండు దినాలల్ల గుడ్ మార్నింగుల కింద పూడిపోతది. ఫోను లేనోళ్లు ఎక్కువుంటే పంచాయతీ గోడ, డప్పు సాటింపు ఇప్పటికీ మంచి సాధనాలే.

అడిగే హక్కు

ఇదంతా మన సైట్ల సంగతి. సర్కారు సైట్లు సతాయిస్తే ‘మన కర్మ’ అనుకొని ఊకోవద్దు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 సర్కారు తనంతట తానే సమాచారం బయట పెట్టాలె అంటది. అది స్థానిక భాషల, ఆ ప్రాంతానికి తగిన పద్ధతిల అందియ్యాలె అని కూడా అందులనే ఉన్నది. సర్కారు సైట్లు ఎట్లుండాలెనో కేంద్రం 2009లనే మార్గదర్శకాలు పెట్టింది, 2023ల మూడోసారి కొత్తగ రాసింది. వికలాంగుల హక్కుల చట్టం, 2016 సైట్లు వాళ్లకు అందుబాట్ల ఉండాలె అంటది. 2025 ఏప్రిల్ 30 నాడు సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. యాసిడ్ దాడిల కండ్లు దెబ్బతిన్న ఆడబిడ్డలను ఆన్‌లైన్ కేవైసీల ‘కన్ను ఆర్పు’ అంటే వాళ్లు ఎట్ల ఆర్పుతరు? ఆ కేసుల కోర్టు డిజిటల్ సేవలు అందుబాట్ల ఉండుడు ఆర్టికల్ 21 కింద జీవించే హక్కుల భాగమే అని చెప్పింది.

అంటే సైటు మంచిగ చెయ్యుండ్రి అని అడుగుడు బతిమిలాడుడు కాదు. అడిగే పద్ధతి మాత్రం పక్కాగ ఉండాలె. ‘సైటు పనిచేస్తలేదు’ అంటే ఎవలూ పట్టించుకోరు. ఏ తారీఖు, ఎన్ని గంటలకు, ఏ పేజీ, ఏం కొట్టినం, ఏం వచ్చింది, ఇవన్నీ రాయాలె. స్క్రీన్‌షాట్ పెట్టాలె, ఆధార్ నంబర్ కనబడకుంట చెరిపి పెట్టాలె. ఒక్కరిది కాదు, ఊర్ల పదిమందివి జమ చేసి ఒకటే దరఖాస్తు పెట్టాలె. సమాచార హక్కు కింద ఇంకో మూడు ప్రశ్నలు అడగొచ్చు: మా మండలంల ఈ సేవకు వచ్చిన దరఖాస్తులు ఎన్ని, తిరగ్గొట్టినయి ఎన్ని, ఏ కారణం మీద? 30 దినాలల్ల జవాబు ఇయ్యాలె. ఆ జవాబు వచ్చినంక గ్రామసభల చదవాలె.

ఈ వారం ఒక పని చెయ్యుండ్రి. ఎవలన్న వచ్చి ‘జెర గిది చూడు బిడ్డా’ అంటే చేసి పెట్టుండ్రి, కానీ దాంతోటి ఆపకుండ్రి. ఏ సైటు, ఏ కాడ ఇరుక్కున్నది అని ఒక నోటుబుక్కుల రాయుండ్రి. నెల తిరిగేసరికి మీ ఊరి గోస ఒక లెక్క తీరుగ మీ చేతుల ఉంటది. సర్కారును నిలదియ్యనీకి అది పనికొస్తది. మీరు సొంతంగ సైటు కట్టిన్నాడు ఏం చెయ్యొద్దో చెప్పేతందుకు కూడా గా నోటుబుక్కే పనికొస్తది.